నాన్నగారు ఆగిన చోట్లు

కిందటి నెల ఈ శీర్షిక కనపడలేదని ముగ్గురు నలుగురు పాఠకులు ఫోన్లు చేశారు. చదివేవాళ్ళున్నారని తెలిసి సంతోషించాం. స్టెన్సిలు కోసే మిత్రులు మా కోసం రెండు రోజులు ఆగి, ఇక లాభం లేదని మా పేజీలో గుత్తివంకాయ కూర చేసే విధానం వేసుకున్నారు. మా రాతకన్నా అదే పనికొచ్చిందని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎందుకు రాయలేకపోయామో ఈ నెల చెప్పుకుంటాం.

మా అమ్మా నాన్నగారూ ఏప్రిల్ చివర్లో వచ్చారు. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళకి ఏం చూపించాలన్నది మనందరికీ ఉన్న సమస్యే. నయాగరా, గుడి, దుకాణాలు, మళ్ళీ గుడి. మా నాన్నగారికి ఇవేవీ పట్టలేదు. ఆయన గుంటూరు జిల్లా రెవిన్యూ శాఖలో ముప్పై ఐదేళ్ళు పనిచేసిన మనిషి. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక మండలాఫీసులన్నీ తిరిగి, చివరికి డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యారు. "జలపాతాలు తర్వాత చూద్దాంలేరా. ముందు మీ ఊళ్ళో సర్కారు ఆఫీసు ఎలా నడుస్తుందో చూపించు" అన్నారు.

సరేనని ఒక సోమవారం సెలవు పెట్టి కౌంటీ ఆఫీసుకి తీసుకెళ్ళాం. న్యూజెర్సీలో ఇళ్ళ దస్తావేజులు రికార్డయ్యేది కౌంటీలోనే. ఎవరి ఇంటి దస్తావేజైనా ఎవరైనా చూడవచ్చు, ఎందుకని అడగరు.

"పక్కింటాయనది కూడానా?" అన్నారు నాన్నగారు.

"పక్కింటాయనది కూడా."

"అయితే ఇక్కడ తగాదాలు తక్కువుండాలే!"

"అలా అయితే ఇంతమంది లాయర్లు ఎలా బతుకుతున్నారు నాన్నగారూ?" అన్నాం.

పాత భవనం. వాకిట్లో రాతి మెట్లు. సగం మెట్లెక్కాక నాన్నగారు ఆగి, తలుపు మీద చెక్కిన అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు. లోపల మొదటి అంతస్తుకి వెళ్ళే మలుపులో మళ్ళీ ఆగి, గోడకున్న పాత జడ్జీల పటాలు ఒక్కొక్కటీ చూశారు. పైకి వెళ్ళగానే బెంచీ మీద కూర్చుని "నువ్వెళ్ళి నీ పని చూసుకో, నేను వీళ్ళు పనిచేసే తీరు చూస్తాను" అన్నారు.

మా దస్తావేజు కాపీ పది నిమిషాల్లో దొరికింది. ఆయన మాత్రం అరగంట కూర్చున్నారు. ఇంతలో ఒక ముసలావిడ కర్ర పట్టుకుని వచ్చింది. కౌంటరు వెనకున్న అమ్మాయి ఆమె చేతిలో కాగితం చూడకముందే ఆమెను చూసింది. లేచి, చుట్టూ తిరిగి బయటికొచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ తర్వాత కాగితం అడిగింది. నాన్నగారు కారెక్కేదాకా ఏమీ మాట్లాడలేదు. ఎక్కాక అన్నారు: "ముప్పై ఐదేళ్ళు అర్జీలు చూశాన్రా. అర్జీదారు మొహం ఎన్నిసార్లు చూశానో లెక్క వేసుకుంటే, ఎక్కువ తేలేటట్టు లేదు."

మాకు ఆ మాట నచ్చింది. ఈ శీర్షికకి బాగుంటుందని కాగితం మీద రాసి పెట్టుకున్నాం కూడా.

మే నెలలో వాషింగ్టన్ వెళ్ళాం. లింకన్ స్మారక మందిరం 1922లో ప్రారంభమైంది. దాని మెట్లమీద నిలబడే 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యసించారు. ఆయన నిలబడ్డ చోట, లింకన్ విగ్రహానికి పద్ధెనిమిది మెట్లు కింద, 2003లో రాతిమీద అక్షరాలు చెక్కించారు. జనం తొక్కుకుంటూ పోతుంటారు, చాలామంది కిందికి చూడరు. నాన్నగారు చూశారు. అక్కడ చాలాసేపు ఆగారు. "వెనక్కి తిరిగి చూడండ్రా, ఇక్కణ్ణించే అందం" అని మమ్మల్నందర్నీ తిప్పి నిలబెట్టారు. నీళ్ళూ, నీళ్ళ చివర వాషింగ్టన్ స్తంభమూ నిజంగానే బాగున్నాయి. ఫొటో తీశాం. ఆ ఫొటోలో ఆయన కుడిచెయ్యి మా శ్రీమతి భుజం మీద ఉంది. కోడలంటే ఎంత అభిమానమో అనుకున్నాం.

జూన్ మొదటివారం స్వేచ్ఛా ప్రతిమ. ఆ విగ్రహం కిరీటం దాకా ఎక్కాలంటే ముందుగా టిక్కెట్లు కొనుక్కోవాలి. పీఠం పైనుంచి కిరీటానికి 162 మెట్లు, ఇరుకుగా, మెలికలు తిరుగుతూ ఉంటాయి. అమ్మకి మోకాళ్ళ నెప్పులు, కనక ఆమె రానంది. నాన్నగారికీ మాకూ రెండు టిక్కెట్లు తీశాం. జెర్సీ సిటీ వైపునుంచి పడవ ఎక్కితే ముందు ఎల్లిస్ ఐలండ్ వస్తుంది. అది కూడా చూసి పోదామని దిగాం.

ఎల్లిస్ ఐలండ్ గురించి మనలో చాలామందికి పట్టదు, ఎందుకంటే మనం విమానం దిగిన బాపతు. 1892 జనవరి 1 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షలమంది ఆ దీవి మీదుగా ఈ దేశంలోకి వచ్చారు. ఇప్పుడది మ్యూజియం, 1990లో తెరిచారు. మనవాళ్ళకి 1917 చట్టంతో ఆ తలుపు మూసుకుంది. 1946లో ఏడాదికి వందమందికి సందు చేశారు. బార్లా తెరిచింది 1965 చట్టంతోనే. మా బోటి డాక్టర్లు ఇక్కడ గుంపులుగా కనపడటానికి కారణం ఆ చట్టమే.

నాన్నగారిని ఆకట్టుకున్నది ఇదేదీ కాదు, సరిహద్దు తగాదా. ఆ దీవి మొదట్లో మూడెకరాల చిల్లర. సర్కారువారు మట్టి పోసి పోసి ఇరవయ్యేడున్నర ఎకరాలకి పెంచారు. దీవి న్యూయార్కుది, చుట్టూ నీళ్ళ అడుగునున్న నేల న్యూజెర్సీది అని 1834లో రెండు రాష్ట్రాలూ ఒప్పందం చేసుకున్నాయి. మరి పోసిన మట్టి ఎవరిది? సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. పెంచిన నేల న్యూజెర్సీదేనని 1998లో తీర్పొచ్చింది. "ఇది మన లంకభూముల కేసేరా! కృష్ణలో మేట వేసిన నేలకోసం ఇలాంటివి ఎన్ని చూశాను!" అని ఆయన పొంగిపోయారు. సర్వేరాళ్ళు ఎక్కడ పాతారని అక్కడున్న ఉద్యోగిని అడగమన్నారు. మేము అడగలేదు.

తర్వాత మెట్లెక్కాం. ఓడల్లో మూడోతరగతి జనం ఆ మెట్లెక్కే పై అంతస్తులో పెద్ద హాలుకి చేరేవారు. మొదటి, రెండో తరగతి వాళ్ళని ఓడలోనే చూసి పంపేసేవారు. వైద్యపరీక్ష మెట్ల దగ్గరే మొదలయ్యేది. జనారోగ్య శాఖ డాక్టర్లు నిలబడి, ఎక్కేవాళ్ళని కనిపెట్టి చూసేవారు. ఎవరు కుంటుతున్నారు, ఎవరు రొప్పుతున్నారు, ఎవరు మధ్యలో ఆగుతున్నారు అని. మనిషికి ఆరు సెకన్లని లెక్క చెబుతారు. అనుమానమొస్తే కోటుమీద సుద్దముక్కతో అక్షరం రాసేవారు. కళ్ళకి ఇ, కుంటికి ఎల్, గుండెకి హెచ్. అలా గీత పడ్డవాళ్ళని పక్కకి తీసి మళ్ళీ చూసేవారు. మొత్తంమీద వెనక్కి పంపినవాళ్ళు నూటికి ఇద్దరు.

ఈ సంగతులన్నీ మేమే చెబుతూ ముందు నడుస్తున్నాం. డాక్టరుగారి ఉపన్యాసం కదా, అమ్మా, మా శ్రీమతీ బుద్ధిగా వింటున్నారు. పైకి చేరి వెనక్కి చూస్తే నాన్నగారు లేరు. సగం మెట్లమీద, కమ్మీ పట్టుకుని, నిలబడి ఉన్నారు. అక్కడ చదవడానికి బోర్డు లేదు. పటాలు లేవు. చెక్కిన రాయి లేదు.

ఆయన మమ్మల్ని చూసి నవ్వారు. ఊపిరి కూడదీసుకుని అన్నారు: "ఒరేయ్, ఆ డాక్టరు ఇప్పుడిక్కడుంటే, నా కోటుమీద ఏ అక్షరం రాసేవాడంటావు?"

మేము జవాబు చెప్పలేదు. దిగి వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాం. నాడి మెల్లగా, బలహీనంగా లేస్తోంది. ఆయన వచ్చి ఆరువారాలు. ఆ ఆరువారాల్లో ఆయన చెయ్యి అలా పట్టుకోవడం అదే మొదలు.

కిరీటం టిక్కెట్లు జేబులోనే ఉండిపోయాయి. చక్రాల కుర్చీ అడిగితే ఇచ్చారు. లిఫ్టులో దిగి, పడవెక్కి, ఇంటికొచ్చాం. స్టెతస్కోపు పెట్టి విన్నాం. ఛాతీ కుడివైపు పైన, మెడదాకా పాకే గరగర శబ్దం. మూడో సంవత్సరం విద్యార్థికి కూడా వినపడుతుంది. "ఎన్నాళ్ళనుంచి నాన్నగారూ?" అంటే, "ఏడాది దాటిందేమో. నువ్వు రోజంతా జబ్బులు చూసి అలిసిపోయి వస్తావు. ఇంటికొచ్చాక కూడా పేషెంటెందుకని" అన్నారు. ఆ రాత్రి ఫొటోలన్నీ ముందేసుకుని చూశాం. ఆయన మెట్లమీద ఆగిన ప్రతిచోటా మేమొక ఫొటో తీసి ఉన్నాం.

మర్నాడు ఎకో చేయిస్తే తేలింది. గుండెనుంచి పెద్ద రక్తనాళం మొదలయ్యేచోట అయోర్టిక్ వాల్వ్ అనే తలుపు ఉంటుంది. మామూలుగా అది తెరుచుకుంటే మూడు నాలుగు చదరపు సెంటీమీటర్ల దారి ఉండాలి. వయసు మీద కొందరికి దానిమీద సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది. ఒక చదరపు సెంటీమీటరుకి తగ్గితే తీవ్రమని లెక్క. నాన్నగారిది అంతకన్నా తక్కువ. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుండటం, కళ్ళు తిరిగి పడటం దీని గుర్తులు. మందులతో ఆ తలుపు తెరుచుకోదు, మార్చవలసిందే. ఛాతీ తెరిచి మార్చే పద్ధతి పాతది. కాలి రక్తనాళంలోంచి గొట్టం పంపి మార్చే పద్ధతిని ఫ్రాన్సులో 2002లో మొదటిసారి మనిషికి చేశారు. ఈ దేశంలో 2011లో అనుమతించారు. ఆయనకి ఏది మంచిదో ఇద్దరు నిపుణులు చూసి, ఆపరేషనే అన్నారు.

ఇక ఖర్చు. సందర్శకుల బీమా కాగితాలు అప్పుడు తీసి పూర్తిగా చదివాం. చాలా పాలసీల్లాగే అందులోనూ, వచ్చేముందునుంచీ ఉన్న జబ్బుకి వర్తించదని ఉంది. అప్పు చేసి ఇక్కడే చేయిద్దామని మేము, ఇంటికే పోదామని ఆయన. గుంటూరు మెడికల్ కాలేజీలో మాతో చదివిన మిత్రుడు హైదరాబాదులో గుండె డాక్టరు. అతను "తీసుకొచ్చెయ్యరా" అన్నాడు. ప్రయాణం చేయవచ్చని ఇక్కడి డాక్టరు చెప్పాక, కుర్చీలో కూర్చోబెట్టి విమానమెక్కించి, పక్కనే కూర్చుని తీసుకెళ్ళాం. జూన్ ఆఖరివారంలో ఆపరేషన్ జరిగింది. మా పేజీలో వంకాయ రావడానికి కారణం అదీ.

ఇది మా ఇంటి గొడవే అయినా పాఠకుల ముందు పెట్టడానికి కారణముంది. ఈ వేసవిలో మన సంఘంలో ఎన్ని ఇళ్ళకి పెద్దవాళ్ళు వచ్చారో పిక్నిక్కులోనే చూశాం. దయచేసి మొదటివారంలోనే వాళ్ళతో కలిసి ఒక అంతస్తు మెట్లెక్కండి. ముందు కాదు, వెనక నడవండి. మధ్యలో ఆగితే ఎందుకాగారో అడగండి, చెప్పిన జవాబుని వెంటనే నమ్మకండి. "గ్యాసు", "వయసు", "అలవాటు తప్పింది" అన్నవి మన పెద్దవాళ్ళు కోడలికీ కొడుక్కీ ఇబ్బంది కలగకుండా చెప్పే మాటలు. ఆయాసం కొత్తగా వచ్చినా, ఛాతీ పట్టేసినా డాక్టరుకి చూపించండి. వీలైతే బయల్దేరకముందే అక్కడ పరీక్షలు చేయించి, ఆ కాగితాలు వెంట తెప్పించుకోండి. బీమా పాలసీ కొనేముందు చదవండి, మాలాగా తర్వాత కాదు.

చూడబోయే చోట లిఫ్టు ఎక్కడుందో, కుర్చీ దొరుకుతుందో ముందే అడగండి. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. నడవలేనివాళ్ళు కూడా తమ ఆఫీసుల సేవలు అందుకునేలా చూసే బాధ్యత రాష్ట్రాలదీ, ఊళ్ళదీ అని అందులో ఉంది. అడగడం నామోషీ కాదు. మేము వెళ్ళిన కౌంటీ ఆఫీసులో కూడా పక్క తలుపు దగ్గర వాలుదారీ, లిఫ్టూ ఉన్నాయి. బాణం గుర్తుతో బోర్డు కూడా ఉంది. ఆ ఒక్క బోర్డూ మేము చదవలేదు.

కౌంటరు వెనక అమ్మాయి కాగితానికి ముందు మనిషిని చూసిందని నాన్నగారు చెప్పినప్పుడు, అది రెవిన్యూ శాఖ గురించిన మాట అనుకుని రాసిపెట్టుకున్నాం. ఆ కాగితం ఇప్పుడు ఆసుపత్రిలో మా బల్లమీద, కేసు కాగితాల కట్టపైన ఉంది.

నిన్న రాత్రి నాన్నగారు గుంటూరునుంచి ఫోన్ చేశారు. ఆపరేషనై ఆరువారాలు. సాయంత్రం డాబామీదికి ఎక్కారట. "పదహారు మెట్లురా. మధ్యలో ఎక్కడా ఆగలేదు" అన్నారు. కాసేపాగి, "కిరీటం టిక్కెట్లకి డబ్బు వెనక్కిచ్చారా?" అని అడిగారు.

ఇవ్వలేదు. వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.