కవిత ముందా... కళావతి ముందా?

ఓ తరగతిలో కమల, కవిత, కళావతి అని ముగ్గురు అమ్మాయిలున్నారనుకోండి. హాజరు పట్టీలో అక్షర క్రమంలో రాయమంటే తెలుగు మాస్టారు ఇదే వరుసలో రాస్తారు. 'య ర ల వ శ ష స హ ళ క్ష ఱ' అనే కదా మనం బళ్లో వల్లెవేసింది! ళ చివర్లో వస్తుంది కాబట్టి కళావతి కవిత తర్వాతే. అదే పని కంప్యూటరుకి అప్పజెప్పి చూడండి. కళావతి ముందుకొచ్చేస్తుంది.

పాపం, దానికి ఓనమాలు రావు. తెలిసిందల్లా అంకెలే. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఓ నంబరుంటుంది. ల 3122, ళ 3123, వ 3125. భారతీయ లిపులన్నిటికీ ఒకే నమూనాలో గళ్లు కేటాయించడంతో ళ వచ్చి ల పక్కన కూర్చుంది. మరి మధ్యలో 3124 ఏమైందంటారా? తమిళులు తమ భాష పేరు చివర నాలుక మడిచి పలికే అక్షరం ఉంటుందే, దాని గది అది. మన పాత శాసనాల్లోనూ ఆ అక్షరం ఉంది. తెలుగు వరుసలో దానికి చోటు దొరికింది మాత్రం 2014లోనే.

ఇది మన ఒక్కరి తంటానే కాదు. ఓ మీద రెండు చుక్కలున్న అక్షరాన్ని జర్మన్లు నిఘంటువులో మామూలు ఓ పక్కనే పెడతారు. స్వీడన్ వాళ్లు జెడ్ కూడా అయిపోయాక, అట్టడుగున పెడతారు. డెన్మార్క్‌లో ఆల్‌బోర్గ్ అనే ఊరుంది. రెండు 'ఎ'లతో మొదలవుతుంది. ఇంగ్లిషు పట్టికలో మొదట్లోనే కనిపిస్తుంది, డేనిష్ పట్టికలో చివరికి పోతుంది. ఎవరిదీ తప్పు కాదు. అందుకే డేటాబేస్‌కి 'ఫలానా భాష వరుస పాటించు' అని ముందే చెప్పాలి. ఆ నియమాన్నే కొలేషన్ అంటారు.

వరుస అటూ ఇటూ అయితే కొంపలేం మునుగుతాయి అనిపించొచ్చు. మునిగిన సందర్భం ఉంది. లక్షల పేర్లలో ఒకటి వెతకాలంటే డేటాబేస్ మొదటి నుంచి చదవదు. మనం నిఘంటువు తెరిచినట్టు మధ్యకి తెరిచి, ముందుకో వెనక్కో జరుగుతుంది. వరుస మీద నమ్మకంతోనే ఈ పని. 2018లో లినక్స్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ అక్షర క్రమాన్ని సవరించింది. అప్పటిదాకా 11 తర్వాత వచ్చే 1-1 కాస్తా ముందుకొచ్చింది. (మన ఇంటి నంబర్లన్నీ ఇలా గీతలతోనే కదా!) ఆ లైబ్రరీని నమ్ముకున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లకి చిక్కొచ్చిపడింది. సూచిక పేర్చింది పాత వరుసలో, వెతికేది కొత్త వరుసలో. దాంతో ఉన్న వివరాన్నే 'లేదు' అనే పరిస్థితి. ఒక్కసారే ఉండాల్సినది రెండోసారి చేరిపోయే ప్రమాదం కూడా. డేటా ఎక్కడికీ పోలేదు, దారే తప్పింది. సూచికలన్నీ మళ్లీ కట్టుకోవడమే మందు.

2023లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 16లో సొంత వరుస నియమాలు రాసుకునే వీలుంది. అంటే ళని హ తర్వాత కూర్చోబెట్టొచ్చు.  ఏ జాబితాలోనైనా మీ పేరు కనిపించకపోతే లేదని వెనుదిరక్కండి. ళ ఉన్న పేరైతే ల దగ్గర చూడండి. క్షమ, క్షీరజ లాంటి పేర్లయితే జాబితా చివర వెతక్కండి. 'క' గుంపులోనే, కౌసల్య కింద ఉంటాయి.