పొదుపు పేరిట కోత ఎవరికి?

ప్రభుత్వం ఖర్చు తగ్గించుకుంటేనే ఆర్థిక వ్యవస్థ కుదుటపడుతుందని ఒక వాదం. జనం చేతిలో డబ్బు ఆడని కాలంలో ప్రభుత్వం కూడా చేయి ముడుచుకుంటే కోలుకోవడం మరింత ఆలస్యమవుతుందని మరో వాదం. కోవిడ్ తరువాత మన దేశంలోనూ ఈ చర్చ బలంగా సాగింది. పొదుపు అవసరమా కాదా అన్నదానితో పాటు, ఆ పొదుపు ఎవరి వంతు నుంచి జరుగుతోందని కూడా మనం అడగాలి.

2023-24 కేంద్ర బడ్జెట్‌ను చూడండి. ద్రవ్యలోటును స్థూల దేశీయోత్పత్తిలో 6.4 శాతం నుంచి 5.9 శాతానికి దించాలన్నది లక్ష్యం. ఆ బడ్జెట్‌లోనే మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కేటాయింపు, అంతకు ముందు ఏడాది ప్రకటించిన 5,020 కోట్ల రూపాయల నుంచి 3,097 కోట్లకు పడిపోయింది. ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ల కేటాయింపు 1,425 కోట్ల నుంచి 433 కోట్లకు తగ్గింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలను ఆ పథకం నుంచి అప్పటికే తప్పించారు. పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌నూ నిలిపివేశారు.

అప్పుల భారం అబద్ధం కాదు. ఆ ఏడాది వడ్డీలకే 10 లక్షల కోట్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. అయితే 45 లక్షల కోట్ల బడ్జెట్‌లో ఈ శాఖకు తగ్గించినది 1,923 కోట్లు. నూరు రూపాయలలో అయిదు పైసలు కూడా కాదు. దీనితో లోటు పూడదు. 2019లో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే ప్రకటించింది.

విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఉచిత విద్య ఇస్తున్నందున స్కాలర్‌షిప్ అక్కరలేదన్నది ప్రభుత్వ సమాధానం. ఫీజు లేకపోవడం వేరు, ఖర్చు లేకపోవడం వేరు. నోటు పుస్తకాలకు, చెప్పులకు, ఆటో కిరాయికి డబ్బు కావాలి. పైగా పేద ఇంటికి చేరిన వెయ్యి రూపాయలు బ్యాంకులో నిద్రపోవు. ఆ వారంలోనే పుస్తకాల అంగడికో, దర్జీకో చేరతాయి. ఒకరి ఖర్చు మరొకరి ఆదాయం. మార్కెట్ కోలుకునేది ఇలాంటి చిన్న చెల్లింపులతోనే.

కంటికి కనబడని కోత మరొకటి ఉంది. 2022-23లో ప్రకటించిన 5,020 కోట్లు, ఏడాది తిరగకముందే సవరించిన అంచనాలో 2,612 కోట్లకు కుదించుకుపోయాయి. మొదటి అంకె పత్రికల పతాక శీర్షికలకు ఎక్కుతుంది. రెండోది పట్టికలో మిగిలిపోతుంది. నిధులు ఖర్చు కాలేదన్న మాట మరుసటి ఏటి కోతకు సాకుగా మారగలదు.

కాబట్టి కేటాయింపు చూసి సంతోషించడమో, నిట్టూర్చడమో చాలదు. బడ్జెట్ పత్రాలలో రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం కూడా ఉంటుంది. ఆ అంకె పట్టుకుని పార్లమెంటు సభ్యులనూ, శాసనసభ్యులనూ నిలదీయాలి. రాష్ట్రాల బడ్జెట్లకూ ఇదే కొలబద్ద. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు ప్రతి మొహల్లాలో అర్హులైన పిల్లల జాబితా తయారుచేసి, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా సకాలంలో సమకూర్చి, గడువులోగా దరఖాస్తు చేయించాలి. అర్హులు లేరనీ, దరఖాస్తులు రాలేదనీ చెప్పే అవకాశం ఏ ప్రభుత్వానికీ మిగల్చకూడదు.