ఇల్లా, అంగడా, కార్ఖానానా?

కోటి విద్యలూ కూటికొరకే అన్నారు మన పెద్దలు. కాని ఆ కోటి విద్యలను ప్రభుత్వ కాగితం మీద ఎక్కించవలసి వచ్చినప్పుడు గడులు మూడే కనిపిస్తాయి: నివాసం, వ్యాపారం, పరిశ్రమ. వడ్లు పండించేవానికి నాలుగవ గడి ఒకటి వేరుగా ఉన్నది. తన ఇంటి వసారాలో కూర్చుండి పట్టు రవిక మీద జరీ పూలు కుట్టే స్త్రీ వీటిలో ఏ గడికి చెందుతుంది? పెండ్లి రుక్కాలకు అక్షరాలు దిద్దే కాతిబ్ ఎక్కడి వాడు? ఒక కెమెరా, ఒక కంప్యూటరు పెట్టుకొని శుభకార్యాల చిత్రాలు తీసే యువకుడు దుకాణదారుడా, కళాకారుడా, కార్ఖానాదారుడా? ఇవి వట్టి మాటల చిక్కులు కావు. ఈ ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి కరెంటు బిల్లు మారుతుంది, లైసెన్సు మారుతుంది, బ్యాంకు అప్పు మారుతుంది. ఒక్కొక్కప్పుడు ఆ పని సాగుతుందా, ఆగుతుందా అన్నది కూడా తేలిపోతుంది. అందుచేతనే ఈ విషయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గం ముందు ఉంచదలచినాము.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయవలసి ఉన్నది. భూమిని జోనులుగా విభజించే పద్ధతికి మేము విరోధులం కాము. పటాన్‌చెరు పొగగొట్టాల నీడలో బ్రతికే ప్రాంతానికి చెందిన వారెవరూ ఆ మాట అనజాలరు. 1970ల నాటి నుండి పటాన్‌చెరు, బొల్లారం వైపు పారిశ్రామికవాడలు వెలసినవి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, వాగు ద్వారా మంజీరకు చేరినవి. పొలాలు చెడినవి, బావులు చెడినవి. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయినది. కార్ఖానాల నీటిని ఒకచోట శుద్ధిచేసే సంస్థ 1994లో ఏర్పడినది. హత్నూర మండలంలో కూడ బోర్పట్ల, గుండ్లమాచనూరు వంటి గ్రామాల దగ్గర మందుల పరిశ్రమలు ఉన్నవి. ఇంటి పక్కన రసాయనాల తొట్టి ఉండరాదు, బడి పక్కన బట్టీ ఉండరాదు అన్న నియమం ఎంత అవసరమో పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అగత్యం మనకు లేదు. మా అభ్యంతరం నియమం మీద కాదు, దాని కొలబద్ద మీద. రసాయన కర్మాగారం కోసం తయారుచేసిన కొలబద్దతో సూదినీ కలాన్నీ కొలవడం న్యాయం కాదన్నదే మా వాదం.

జోనింగు అనే ఆలోచన పాతదే. అమెరికాలో 1926లో యూక్లిడ్ అనే గ్రామం కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ పద్ధతిని రాజ్యాంగబద్ధమని ఆమోదించినది. నివాసం ఒకవైపు, వ్యాపారం ఒకవైపు, పరిశ్రమ మరొకవైపు అన్న త్రివిధ విభజన అప్పటి నుండి లోకమంతటా వ్యాపించినది. మన ప్రాంతానికి అది 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం ద్వారాను, దాని కింద ఏర్పడిన హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ద్వారాను వచ్చినది. 2008లో ఆ సంస్థ మహానగరాభివృద్ధి సంస్థగా మారినది. నగరం చుట్టుపక్కల ప్రాంతానికి 2031వ సంవత్సరాన్ని లక్ష్యంగా పెట్టుకొన్న బృహత్ ప్రణాళిక 2013లో అమలులోకి వచ్చినది. 2025 మార్చిలో మహానగర పరిధిని ప్రాంతీయ వలయ రహదారి దాకా పెంచినారు. ఆ రహదారి ఉత్తరభాగం సంగారెడ్డి, నర్సాపూర్, తూప్రాన్ మీదుగా పోవలసి ఉన్నది. సంగారెడ్డికి, నర్సాపూర్‌కు నడుమనున్న హత్నూర ఈ మార్పునకు దూరంగా ఎట్లుండగలదు?

మన గ్రామాలలో పూర్వం ఈ విభజన లేదు. గ్రామకంఠం అనే ఒక్క మాటలో ఇల్లు, కొట్టం, కొలిమి, మగ్గం గుంట, కుమ్మరి సారె అన్నీ ఇమిడి ఉండేవి. కమ్మరి కొలిమి వాని ఇంటి ముందరే ఉండేది. దర్జీ అరుగు మీదనే మిషను కుట్టేవాడు. పని ఎక్కడ ముగిసి కాపురం ఎక్కడ మొదలయ్యేదో చెప్పడం కష్టం. పటం గీసేవానికి ఆ గ్రామకంఠం సాధారణంగా నివాస ప్రాంతంగానే కనిపిస్తుంది. పటం మీద ఒకే రంగు పడుతుంది. ఆ రంగు కింద జరిగే పది పనులు కనిపించకుండా పోతవి.

ఉదాహరణకు ఒక ఇంటిని ఊహించుకొందాము. దౌలతాబాదులోనో హత్నూరలోనో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో చెక్క చట్రం బిగించి తల్లీ ఇద్దరు కూతుళ్ళూ మగ్గం పని, అనగా కార్చోబ్ కుట్టు, చేస్తారు. సంగారెడ్డి నుండి, పటాన్‌చెరు నుండి పెండ్లి రవికలు వస్తవి. వెనుక గదిలో కుమారుడు కంప్యూటరు మీద తెలుగు, ఉర్దూ శుభలేఖలు కూర్చి చిన్న యంత్రం మీద ముద్రిస్తాడు. కూలికి వచ్చేవారు ఒకరో ఇద్దరో. పొగ లేదు, వాసన లేదు, రొద లేదు. ఇప్పుడు ఈ ఇంటిని ప్రభుత్వ శాఖలు ఏ పేరుతో పిలుస్తవో చూడుము.

ప్రణాళికా శాఖ కంటికి ఇది నివాసం. నివాస జోనులో గృహ పరిశ్రమకు సాధారణంగా కొంత చోటు ఉంటుంది. కాని కూలీలెందరు, మోటారు శక్తి ఎంత, గిరాకీదారులు ఇంటికి వస్తున్నారా అన్న ప్రశ్నలు వెంటనే పుట్టుకొస్తవి. బయట ఒక బోర్డు వ్రేలాడదీసిన మరుక్షణం అదే ఇల్లు అంగడిగా కనిపిస్తుంది.

కాలుష్య నియంత్రణ మండలి లెక్క వేరు. 2016లో కేంద్ర మండలి పరిశ్రమలకు కాలుష్య సూచిక కట్టి నాలుగు రంగులుగా విభజించినది. సూచిక 60, అంతకు మించినవి ఎరుపు. 41 నుండి 59 వరకు నారింజ. 21 నుండి 40 వరకు ఆకుపచ్చ. 20 దాటనివి తెలుపు. 2025లో ఈ వర్గీకరణను మరల సవరించి నీలి తరగతిని కూడ చేర్చినారు. 2016 పట్టికలో రంగులద్దకం లేని చేనేత తెలుపులో ఉన్నది. అచ్చు దిమ్మెల తయారీ కూడ, పోతపని, కొయ్య దిమ్మెలు మినహా, తెలుపులోనే ఉన్నది. అదే నూలుకు, గుడ్డకు రంగులద్ది ఆ నీటిని బయటికి వదిలే పని ఎరుపులో ఉన్నది. తెల్ల తరగతివారు అనుమతి కోసం తిరుగనక్కరలేదు, సమాచారం ఇస్తే చాలునన్నారు. ఈ పద్ధతిలో ఒక వివేకం ఉన్నదని మేము భావిస్తున్నాము. ఇది పనికి ఉన్న పేరును చూడదు, పని చేసే హానిని చూస్తుంది.

విద్యుచ్ఛక్తి శాఖ లెక్క ఇంకొకటి. గృహాలకు ఒక తరగతి, దుకాణాలకు, కార్యాలయాలకు ఒక తరగతి, పరిశ్రమలకు ఒక తరగతి. వీటితోబాటు కుటీర పరిశ్రమలకు, ధోబీఘాట్లకు నాలుగవ తరగతి వేరుగా ఉన్నది. ఆ తరగతిలో ధర వాణిజ్య తరగతికన్న తక్కువ. కాని ఆ తరగతి ఉన్నదన్న సంగతి దానికి అర్హులైన ఇళ్ళకు తెలియజెప్పేవారెవరు? తనిఖీకి వచ్చిన ఉద్యోగి ముందు గదిలో చట్రం చూసి దుకాణమంటే దుకాణమే అవుతుంది.

ఇక ఉద్యమ్ నమోదు. 2020 నుండి చిన్న సంస్థలన్నీ ఈ పేరిట నమోదు చేసుకొంటున్నవి. దానికి జాతీయ పారిశ్రామిక వర్గీకరణ సంఖ్య కావలెను. 2008 నాటి ఆ వర్గీకరణలో బుటాపని 13వ విభాగంలో, వస్త్రాల తయారీ కింద వస్తుంది. ముద్రణ 18వ విభాగం. నమూనా గీయడం, ఛాయాచిత్రాలు తీయడం 74వ విభాగం, అనగా వృత్తిసేవ. సృజనాత్మక కళలు 90వ విభాగం. కాబట్టి తల్లి తయారీదారు. నమూనా గీసే కూతురు సేవాదాత. రుక్కా అచ్చువేసే కుమారుడు మరల తయారీదారు. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద అన్నం తినే కుటుంబం కాగితాల మీద ముక్కలు ముక్కలై పోయినది. 2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకం ప్రారంభించి 18 వృత్తులను చేర్చినది. కుమ్మరి, కంసాలి, దర్జీ, శిల్పి, బొమ్మలవాడు అందులో ఉన్నారు. బుటాపనివారు, కాతిబ్‌లు ఆ పట్టికలో లేరు. పేరు లేనివానికి పథకం చేరదు.

హైదరాబాదు పాతబస్తీ ఈ చిక్కుకు పెద్ద నిదర్శనం. చార్మినారు పక్కన లాడ్ బజారులో మెరిసే లక్క గాజులు ఆ అంగళ్ళలోనే పుట్టవు. బొగ్గు నిప్పు మీద లక్క కరిగించి, కడ్డీగా సాగదీసి, గాజుగా వంచి, వేడి ఆరకముందే రాళ్ళు పొదిగే చేతులు ఇరుకు సందుల లోపలి ఇళ్ళలో ఉన్నవి. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక సూచిక లభించినది. సంతోషించదగిన విషయమే. అయితే ఆ సూచిక గాజు పేరును కాపాడుతుంది. గాజు తయారయ్యే గదిని కాపాడదు. ఛత్తా బజారు సంగతీ అంతే. ఉర్దూ ఖుష్‌నవీసుల కలాలకు, పెండ్లి రుక్కాలకు పేరుపొందిన ఆ వీధిలో కంప్యూటరు వచ్చిన తరువాత చేతివ్రాతకు గిరాకీ తగ్గినది. అయినా వ్రాత, నమూనా, అచ్చు, అమ్మకం ఒకే ఇరుకు గదిలో సాగే తీరు మారలేదు. ఆ గది కార్యాలయమా, ముద్రణాలయమా, కళాశాలయా అని అడిగితే మూడూ అని చెప్పవలసి ఉంటుంది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ఇళ్ళలో పనికి తలుపులు బార్లా తెరిస్తే కళ పేరు చెప్పుకొని తేజాబు పనివారు, పూతపనివారు, రంగులవారు కూడ చొరబడతారని కొందరంటారు. ఆ భయం సహేతుకమే. నిప్పు ప్రమాదం, గాలి ఆడని గదులు, కంటిచూపు చెడే వెలుతురు, చిన్నపిల్లల చేత పని చేయించడం ఇవన్నీ నిజమైన దోషాలు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నారు. బడి వేళలు మినహా కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునన్న వెసులుబాటు మాత్రం ఉంచినారు. ఇంటి కార్ఖానాకు గుర్తింపు కోరేవారు ఆ వెసులుబాటు చాటున దాగరాదు. బిడ్డ చదువు మాని చట్రం ముందు కూర్చున్న ఇంటికి ఏ మినహాయింపూ అక్కరలేదని మా నిశ్చితాభిప్రాయం. కాని దోషం ఉన్నదని వృత్తినే చాటుకు నెట్టితే దోషం పోదు. గుర్తింపు లేని పని తలుపులు మూసుకొని సాగుతుంది. మూసిన తలుపుల వెనుకనే నిప్పు ప్రమాదమూ, పసివారి చాకిరీ పెరుగుతవి.

అన్యదేశాలు ఏమి చేసినవో చూతము. న్యూయార్కు నగరం 1961లో కొత్త జోనింగు నియమాలు చేసినది. సోహో అనే పాత కార్ఖానాల పేటలో నివాసం నిషిద్ధం. కాని పరిశ్రమలు ఖాళీచేసిన పెద్ద గదులలో చిత్రకారులు, శిల్పులు చేరి అక్కడే పనిచేసి అక్కడే పడుకొనేవారు. నగరం వారిని వెళ్ళగొట్టక, 1971లో నియమాన్ని సవరించి, ధ్రువీకరణ పొందిన కళాకారులు అక్కడ నివసిస్తూ పనిచేసుకోవచ్చునన్నది. అందులోనూ ఒక పాఠం ఉన్నది. ఎవరు కళాకారుడో ఒక కార్యాలయం నిర్ణయించవలసి వచ్చినది. కాలక్రమాన ఆ పేట ధనవంతుల పాలైనది. జపాను వేరొక దారి పట్టినది. అత్యంత ప్రశాంతమైన నివాస జోనులో కూడ, ఇంటి విస్తీర్ణంలో సగానికి మించకుండా, 50 చదరపు మీటర్లు దాటకుండా చిన్న అంగడికి, కార్యాలయానికి అవకాశమిచ్చినది. అక్కడ అడిగేది వ్యక్తి ఎవరని కాదు, పని పరిమాణమెంతని. మన దేశంలోనే ఢిల్లీ బృహత్ ప్రణాళిక-2021 గృహ పరిశ్రమకు 9 మంది పనివారు, 11 కిలోవాట్ల విద్యుత్తు అన్న హద్దు పెట్టినది. ఈ మూడింటిలో మొదటిదానికన్న తక్కిన రెండు మార్గాలే మనకు తగినవి. కళాకారుడని ముద్ర వేయించుకొనడానికి పేదవాడు కార్యాలయాల చుట్టూ తిరుగజాలడు. కొలత చూపితే తన ఇంటిని తానే కొలుచుకొనగలడు.

కాబట్టి మా సూచనలు ఇవి. మొదటిది, నివాస జోనులో ఇంటి కార్ఖానా అనే ఉపవర్గాన్ని స్పష్టంగా పేర్కొనవలెను. పనివారి సంఖ్య, విద్యుత్తు, విస్తీర్ణం ఈ మూడే దాని హద్దులు కావలెను. రెండవది, కాలుష్య మండలి తెల్ల తరగతిలో ఉంచిన పనిని ప్రణాళికా శాఖ, విద్యుత్ శాఖ కూడ నిరపాయకరమైనదిగానే అంగీకరించవలెను. ఒక శాఖ తెలుపన్నదాన్ని మరొక శాఖ నలుపనరాదు. మూడవది, రంగులద్దకం, లోహపు పూత వంటి హానికర భాగాలకు ఊరి వెలుపల ఉమ్మడి షెడ్డు, నీటిశుద్ధి ఏర్పాటుచేసి, కుట్టు, అల్లిక, వ్రాత మాత్రం ఇంటనే ఉండనివ్వవలెను. నక్కవాగు నేర్పిన పాఠానికి ఇదే తగిన గురుదక్షిణ. నాల్గవది, ఈ నియమాలన్నీ తెలుగులో, ఉర్దూలో ముద్రించి గ్రామపంచాయతీ గోడమీద అంటించవలెను. చదువ వీలులేని నియమాన్ని ఉల్లంఘించినావని దండించడం ధర్మం కాదు.

ప్రభుత్వం చేయవలసినది ఇది. మరి మనం చేయవలసినది? బృహత్ ప్రణాళిక మార్చేటప్పుడు ముసాయిదాను ప్రకటించి ప్రజల అభ్యంతరాలను కోరవలసి ఉన్నది. మహానగర పరిధి పెరిగినది గనుక కొత్త పటం నేడో రేపో రాక తప్పదు. అది వచ్చిననాడు స్థలాల వ్యాపారులు తమ విన్నపాలతో ముందే సిద్ధంగా ఉంటారు. మగ్గం చట్రం ముందు వంగి కూర్చున్న తల్లి తరఫున ఎవరు వ్రాస్తారు? వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఒక్క సెలవుల కాలంలో తమ తమ గ్రామాలలోని ఇంటి పనుల జాబితా తయారుచేయగలరు: ఏ పని, ఎందరు, ఎంత విద్యుత్తు, ఏ మీటరు. తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు నియమాలను సులభభాషలోకి మార్చగలరు. కళాశాల పాలకవర్గంవారు వారానికొక దినం ఒక గది, ఒక కంప్యూటరు ఇచ్చి, ఉద్యమ్ నమోదుకు, మీటరు తరగతి మార్పుకు దరఖాస్తులు వ్రాసిపెట్టే సహాయ కేంద్రాన్ని నడపగలరు. దీనికి పెద్ద ధనం అవసరం లేదు.

విద్యార్థి మిత్రులారా, మీలో అనేకుల పరీక్ష రుసుము ఏ జరీ పువ్వు నుండి, ఏ గాజు రాయి నుండి, ఏ కుట్టు మిషను నుండి వచ్చినదో మీకు తెలుసును. ఆ పనికి పటం మీద ఒక పేరు, ఒక చోటు సంపాదించి పెట్టడం చదువుకొన్నవారి బాధ్యత. ముసాయిదా వెలువడిన దినాన మన జాబితా సిద్ధంగా ఉండవలెనంటే, పని ఈ సెలవులలోనే ఆరంభం కావలెను.