ఘటోత్కచుడి ఎముకలు, మా ఊరి పిల్లవాడి కళ్ళు

ఆ బొమ్మ మళ్ళీ వచ్చింది. పోయిన వారం మా మునగాల బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. గుంతలో అరవై అడుగుల అస్థిపంజరం, పుర్రె పక్కన చీమంత మనిషి. అది ఘటోత్కచుడిదట, సైన్యం దాచిపెట్టిందట. అబద్ధమని రాస్తే "మాస్టారూ, మీకు మన పురాణాలంటే పడదు" అన్నారు.

2002లో వర్త్1000 అనే వెబ్‌సైట్ దొంగ పురావస్తు చిత్రాల పోటీ పెడితే ఒక కళాకారుడు కంప్యూటర్లో అతికించి చేసిన బొమ్మ అది. న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్‌లో 2000లో మాస్టోడాన్ అనే పాతకాలపు ఏనుగులాంటి జంతువును తవ్వుతున్న ఫోటో మీద మనిషి ఎముకలు పెట్టాడు. 2007లో నేషనల్ జియోగ్రాఫిక్ ఆ సంగతంతా రాసింది. అరబ్బు దేశాల్లో ఇదే బొమ్మ ఖురాన్‌లో చెప్పిన ఆద్ జాతి మనిషిదని తిరిగింది. మనిషి పదింతలు పొడవైతే బరువు వెయ్యింతలవుతుంది, ఎముక అడ్డుకోత వైశాల్యం నూరింతలే అవుతుంది, నిలబడితే కాళ్ళు విరుగుతాయి. గెలీలియో ఈ లెక్క 1638లోనే చెప్పాడు. నిజమైన మహాకాయం కావాలంటే పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉన్నాయి. టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు, ఏ సైన్యమూ దాచలేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా ఉన్న మునగాల సంస్థానం మాది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్రాన్ని తెలుగులో అచ్చువేయించిన మనిషి ఆయన. ఆ ఊరివాళ్ళు ఈ బొమ్మకు దండాలు పెడుతుంటే నాకు కడుపు రగులుతుంది.

ఎందుకంత కోపమంటే, మా బడిలో నాతో చదివినవాడొకడు ఉండేవాడు. తొమ్మిదో తరగతికే తలుపు కింద వంగి వచ్చేవాడు. ఏటేటా చెప్పులు చాలేవి కావు. మాయాబజార్ చూసొచ్చి మేమంతా వాడిని ఘటోత్కచుడన్నాం. బడి వార్షికోత్సవంలో గద కూడా ఇచ్చాం. ఊళ్ళో పెద్దలు మాత్రం వాడిలో రాక్షసుడు దిగాడన్నారు. పుట్టిన గడియ మంచిది కాదన్నారు. భూతవైద్యుడు వచ్చి మిరపకాయల పొగ పెట్టాడు, వేపమండలతో వీపు చీరేశాడు. తిండి తగ్గిస్తే పెరుగుదల ఆగుతుందని చెప్తే వాళ్ళమ్మ ఏడుస్తూనే ఒక పూట కూడు మానిపించింది. అంత ఒంటికి ఒక్క పూట అన్నం! తలనొప్పని గోడకు తల ఆనించి కూర్చునేవాడు. దారిలో పక్కనుంచి వచ్చే సైకిళ్ళు కనపడక గుద్దుకుంటే "కళ్ళు నెత్తికెక్కినయ్‌రా నీకు" అని తిట్టేవాళ్ళు.

వాడి కళ్ళు నెత్తికెక్కలేదు, చూపు పోతోంది. మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అందులో కణితి లేస్తే పెరుగుదల హార్మోను ఆగకుండా ఊరుతుంది. ఎముకల కొసలు ఇంకా మూసుకోని వయసులో మనిషి పొడవవుతూనే ఉంటాడు. కణితి పెద్దదై కంటి నరాలను నొక్కితే పక్క చూపు ముందు పోతుంది. హైదరాబాద్ తీసుకెళ్ళేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది. ముప్పై నిండకుండానే చనిపోయాడు.

అసలు ఆ ఘటోత్కచుడికైనా ఏం గౌరవం దక్కింది? అర్జునుడి కోసం దాచిన శక్తిని కర్ణుడు వాడి మీద ప్రయోగించాక పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందంతో నాట్యం చేశాడని ద్రోణపర్వమే చెబుతుంది. కర్ణుడు చంపకపోతే తానే చంపేవాడినన్నాడు. కారణం, వాడు యజ్ఞాలకు శత్రువట. బతికున్నప్పుడు వాడిని ఆయుధానికి ఎర వేశారు, ఇప్పుడు మనవాళ్ళు వాడి ఎముకలంటూ బొమ్మకు మొక్కుతున్నారు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈడువాళ్ళను మించి పెరిగిపోతూ, తలనొప్పి, చూపు తగ్గిందని చెప్పే పిల్లలుంటే భూతవైద్యుడి గడప తొక్కకండి. కోదాడలోనో సూర్యాపేటలోనో డాక్టరుకు చూపించండి. నిమ్స్‌లో, ఉస్మానియాలో హార్మోన్ల జబ్బులకు ప్రత్యేక విభాగాలున్నాయి. రక్తపరీక్ష, స్కానింగ్‌తో జబ్బు తెలుస్తుంది, ముక్కు లోపలి నుంచే ఆపరేషన్ చేసి ఆ కణితి తీస్తారు.