ఇంటి సంగతులు: కిర్రుమనే నేల

ముంబయి కామాఠీపుర, గిర్గాం వంటి పేటల్లోని పాత చాళ్లలో చాలావాటికి పై అంతస్తుల నేల కర్రతో కట్టినదే. గోడ నుండి గోడకు టేకు దూలాలు వేసి, వాటిపై బల్లలు పరచి మేకులు కొట్టారు. కామాఠీపురకు ఆ పేరు వచ్చింది నిజాం రాజ్యం నుండి కట్టడపు పనులకు వచ్చిన మన కామాఠీల వల్లనే. అటువంటి ఇళ్లలో నేటికీ కాపురముంటున్న మన కుటుంబాలవారికి నేల చప్పుడు కొత్త కాదు. అయితే ఆ చప్పుళ్లన్నీ ఒకటి కావు. ఏది నిరపాయమో, ఏది హెచ్చరికో తెలుసుకొనడం అవసరం.

కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండి ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు మేకు పట్టు సడలుతుంది. కాలు మోపగానే బల్ల దిగి, ఎత్తగానే లేస్తూ మేకును రాసుకుంటుంది, కిర్రుమంటుంది. పొడి నెలల్లో ఎక్కువై, వానల్లో బల్లలు ఉబ్బి తగ్గిపోయే చప్పుడు సాధారణంగా ఈ జాతిదే. దీనికి భయపడనక్కరలేదు.

మందు కూడా తేలికే. రెండు బల్లలు ఒకదానినొకటి రాసుకుంటుంటే సందులో ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, కుంచెతో లోపలికి తోయాలి. బల్ల కదులుతుంటే పాత మేకునే మళ్లీ కొట్టి లాభం లేదు; కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది. మేకుల వరుస ఎక్కడ ఉన్నదో దాని కిందనే దూలం ఉంటుంది. ఆ వరుసలో, పాత మేకు పక్కన, ముందుగా సన్నని రంధ్రం చేసి స్క్రూ బిగించాలి. స్క్రూ తల బల్లలోకి దిగాలి. లేకుంటే పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుంది.

ఇక రెండవ జాతి. చప్పుడు వానల్లోనే ఎక్కువవుతున్నా, మోరీ చుట్టూ నేల మెత్తగా అనిపించినా, గోడకూ నేలకూ మధ్య కొత్త సందు కనిపించినా, గోళీ పెడితే అదే మూలకు దొర్లుతున్నా ఉపేక్షించకూడదు. దూలం చివర గోడలోకి దూరి ఉంటుంది. మోరీ నీరో, వాననీరో అక్కడ దిగితే కర్ర పుచ్చుతుంది. చెద కూడా పట్టవచ్చు. వడ్రంగిని పిలిచి దూలాన్ని ఉలి మొనతో పొడిచి చూడమనండి. గట్టి కర్రలో మొన దిగదు, పుచ్చిన దానిలో మెత్తగా దిగుతుంది. అలా దిగితే స్క్రూలతో చప్పుడు ఆపించడం తెలివి కాదు. చెప్పవలసిన నోరు మూయించినట్లే. ఆ మూల నుండి బీరువా, బియ్యం డబ్బాలు, నీళ్ల పీపా తీసివేయండి. పిల్లలను అక్కడ పడుకోబెట్టవద్దు.

ముంబయి నగర ద్వీపంలో 1969 సెప్టెంబరు 30 లోపల కట్టిన, మరమ్మతు సెస్సు కట్టే ఇళ్ల దూలాల వంటి పెద్ద పనులను ఇప్పుడు మ్హాడాలోని మరమ్మతుల మండలి చూస్తుంది. ఈ ఏర్పాటుకు మూలం 1969 చట్టం. నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. గది నంబరు, ఏ మూల, ఏ తేదీన ఏమి కనిపించిందో వ్రాసి, ఫొటోలు జతచేసి, అర్జీ రెండు ప్రతులు తీసుకువెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండవదానిపై తేదీతో సహా ఇన్వర్డు ముద్ర వేయించుకోండి. ఆఫీసుల్లో ముద్రలేని కాగితానికి పుట్టుకే లేదు. ఒకరి అర్జీ కంటే అంతస్తువారందరి సంతకాలున్న అర్జీకి బరువెక్కువ. ఇంటియజమానికి కూడా ఒక ప్రతి పంపండి.

అన్నిటికంటే ముందు కింది గదివారికి చెప్పండి. మన నేల వారి కప్పు. ఏ భాషవారైనా, మాటా మాటా పడి పలకరింపులు లేనివారైనా సరే, ఆ మెట్లు దిగి చెప్పి రావలసిందే.