వీధిని దేశం దాటించకండి

ఈ పత్తినేలలో దూదేకి పరుపులు కుట్టింది మావాళ్లు. బదులుగా దొరికింది సామెత: 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా'. ఒక్క దెబ్బకు ఇద్దరికీ వెక్కిరింత!

ఇప్పుడు కొత్తపట్నం నుంచి గుంటూరు దాకా టీ కొట్ల దగ్గర రాజకీయం మొదలైతే చాలు, మా వీధి 'పాకిస్తాన్', మేం 'రజాకార్లు'. రజాకార్లు చెలరేగింది 1947-48లో, నిజాం రాజ్యంలో. అప్పటికి కొత్తపట్నం మద్రాసు రాష్ట్రపు గుంటూరు జిల్లాలోని ఊరు. ఇక్కడి సాయిబుకు ఆ పాపం ఎట్లా అంటింది? రజాకార్లను ఎదిరించి రాసి, 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో బలైన షోయబుల్లాఖాన్ కూడా సాయిబే కదా!

తిట్టని మర్యాదస్తులు 'ఓటు బ్యాంకు' అంటారు. మీ కులమంతా ఒకవైపు వేస్తే సమీకరణం, మేం వేస్తే బ్యాంకా? బ్యాంకయితే వడ్డీ ఏదీ? 2001 జనాభా లెక్కల్లో మేం 13.4 శాతం. 2006లో సచార్ కమిటీ తేల్చింది: ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. బుజ్జగింపంటే ఇదేనా?

లౌకికవాద మిత్రులారా, ఆ మాటలు విని మీరూ నవ్వుతారు. మా మొహం చూసి 'నిన్ను కాదులే సాయిబూ' అని సర్దుతారు. మరి ఎవర్ని? మా అమ్మనా, మా వీధినా?

మా నాయకుణ్ణి తిట్టండి. మా ఓటు తప్పంటే వాదించండి, మేమూ వాదిస్తాం. పౌరుడితో చేసేది వాదన. పరాయివాడికి పెట్టేది పేరు. మాతో వాదించండి. మా వీధిని మాత్రం దేశం దాటించకండి.