కేన్సర్ తగ్గిన పిల్లల పళ్ల సంగతి ఎవరికి పట్టాలి?

నిజాంపట్నం వంటి తీర గ్రామాలలో పసిబిడ్డకు కేన్సర్ వచ్చిందంటే ఇల్లంతా అతలాకుతలమవుతుంది. తండ్రి వేట మానుకుని, తల్లి కూలి మానుకుని బిడ్డను ఎత్తుకుని గుంటూరుకో, హైదరాబాదుకో, విశాఖపట్నానికో పరుగెత్తాలి. నెలల తరబడి, రక్త కేన్సర్ అయితే రెండు మూడేళ్ల పాటు ఆసుపత్రుల చుట్టూ తిరగాలి. చివరకు "జబ్బు తగ్గింది, ఇక ఇంటికి తీసుకువెళ్లండి" అని డాక్టరు చెప్పిన నాడు గండం గట్టెక్కిందని మొక్కులు చెల్లించుకుంటారు. ఆ సంతోషం న్యాయమైనదే. కాని జాగ్రత్తలు ఆ రోజుతో ముగిసిపోవు. అందులో అందరూ మరచిపోయేది బిడ్డ పళ్ల సంగతి.

అరవై, డెబ్బయ్యేళ్ల క్రిందట రక్త కేన్సర్ వచ్చిన పిల్లలు బతికి బట్టకట్టడం అరుదు. నేడు సంపన్న దేశాలలో కేన్సర్ వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా కోలుకుంటున్నారు. ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది బతకాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పెట్టుకున్న లక్ష్యం. దానికి గడువు 2030. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ పేరున మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం వల్ల పేదవాని బిడ్డకు కూడా కేన్సర్ చికిత్స అందే దారి ఏర్పడింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె., విశాఖలోని హోమీ భాభా వంటి ఆసుపత్రులు ఈ పనిలో ఉన్నాయి. బతికే పిల్లలు పెరుగుతున్న కొద్దీ, వారి తర్వాతి జీవితం గురించి ఆలోచించవలసిన బాధ్యత కూడా పెరుగుతుంది.

పాలపళ్ల కింద ఏమవుతుంది?

కేన్సర్ మందులు వేగంగా పెరిగే కణాలను చంపుతాయి. కేన్సర్ కణాలతో పాటు బిడ్డ ఒంట్లో పెరుగుతున్న మంచి కణాలకూ ఆ దెబ్బ తగులుతుంది. చికిత్స సమయంలో జుట్టు రాలేది అందుకే. జుట్టు మళ్లీ వస్తుంది. పన్ను అలా కాదు. పాలపళ్లు నోట్లో ఉండగానే వాటి కింద దవడలో శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. పుట్టిన నాటి నుంచి ఏడెనిమిదేళ్ల వయసు వరకు ఈ పని ముమ్మరంగా సాగుతుంది. ఆ సమయంలో పడిన దెబ్బ జీవితాంతం నిలిచిపోతుంది.

అందుచేత అయిదేళ్ల లోపు చికిత్స జరిగిన పిల్లలకు ముప్పు ఎక్కువ. కొందరికి కొన్ని శాశ్వత దంతాలు అసలే రావు. కొందరికి వచ్చినా చిన్నవిగా వస్తాయి. కొందరికి పైకి పన్ను బాగానే కనిపించినా లోపల వేరు పొట్టిగా ఉంటుంది. పునాది లేని గోడలాగ అది త్వరగా కదులుతుంది. ఎనామిల్ అనే పింగాణీ పొర పలుచబడి, మచ్చలు పడి, పన్ను తేలికగా పుచ్చుతుంది. తలకు, మెడకు రేడియేషన్ ఇచ్చిన పిల్లలకు లాలాజల గ్రంథులు దెబ్బతిని నోరు ఎండిపోవచ్చు. నోటిని కడిగే లాలాజలం తగ్గితే పిప్పిపళ్లు పెరుగుతాయి. కొందరికి దవడ ఎదుగుదల కుంటుపడుతుంది. నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కూడా ఉంది.

ఈ ఇబ్బందులు అందరికీ రావు. ఏ మందు, ఎంత, ఏ వయసులో ఇచ్చారన్న దానిని బట్టి ఉంటుంది. ఎవరికి వస్తుందో ముందుగా తెలియాలంటే పరీక్ష చేయించడమొక్కటే మార్గం.

పీకించే ముందు ఆలోచించాలి

పల్లెటూళ్లలో పంటి నొప్పికి లవంగ నూనె, ఉప్పునీళ్లు, అప్పటికీ తగ్గకపోతే పన్ను పీకించడం పరిపాటి. మామూలు పిల్లవానికి అది చెల్లిపోవచ్చు. దవడకు రేడియేషన్ తగిలిన బిడ్డకు చెల్లదు. రేడియేషన్ పడిన ఎముకకు రక్తప్రసారం తగ్గుతుంది. అక్కడ పన్ను పీకితే గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదముంది. అది జరిగితే గోరుచుట్టుపై రోకటిపోటే. కనుక ఆ చికిత్స జరిగి ఎన్నేళ్లయినా సరే, పన్ను పీకే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. పళ్లు సరిచేసేందుకు తీగ కట్టించే ముందు కూడా ఎక్స్‌రే తీయించి వేర్ల పొడవు చూడాలి.

చెప్పాలంటే కాగితం ఉండాలి. ఏరు దాటి తెప్ప తగలేసినట్లు, జబ్బు తగ్గగానే ఆసుపత్రి కాగితాలు పారవేయడం పొరపాటు. ఇచ్చిన మందుల పేర్లు, అప్పటి వయసు, రేడియేషన్ ఎక్కడ ఎంత ఇచ్చారన్న వివరం ఆ బిడ్డ పెద్దయిన తర్వాత కూడా అవసరమే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. తుపాను హెచ్చరిక వస్తే ఇల్లు వదలి పోవలసిన ఊళ్లు ఇవి. రేషన్ కార్డు, పట్టాదారు పుస్తకంతో పాటు ఈ కాగితాలను కూడా నీరు చొరని సంచిలో ఉంచుకోవాలి. ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

వేట నిషేధ కాలమే అదను

ఈ పిల్లలకు ఆరు నెలలకొకసారి పళ్ల పరీక్ష జరగాలని వైద్యుల సలహా. నిజాంపట్నం నుంచి పట్నం పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, చార్జీలు పెట్టుకోవాలి. నొప్పి లేని పంటికి ఇంత ఖర్చా అని తల్లిదండ్రులు వెనుకాడితే వారిని తప్పు పట్టలేము. అయితే దీనికి ఒక అనువు ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం. పడవలు హార్బరులో ఉంటాయి, తండ్రి ఇంటి దగ్గర ఉంటాడు, బడికి వేసవి సెలవులు. ఒక పరీక్ష అప్పుడు, రెండవది దసరా సెలవుల్లో పెట్టుకుంటే ఆరు నెలల లెక్క దాదాపు సరిపోతుంది.

ఇంటి దగ్గర చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రెండు పూటలా మెత్తని బ్రష్షుతో తోమించాలి. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు. కనిగిరి ప్రాంతంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారకట్టడం చూసి పేస్టుకు కూడా భయపడనక్కరలేదు. కొద్దిగా వాడి ఉమ్మివేస్తే అది మేలే చేస్తుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి పలుచబడిన ఎనామిల్‌ను ఇంకా అరగదీస్తాయి. జీళ్లు, చాక్లెట్లు తగ్గించాలి. నోరు ఎండే పిల్లలకు తరచు మంచినీళ్లు తాగించాలి. పెరిగిన తర్వాత గుట్కా, ఖైనీ, బీడీ దరిచేరనీయకూడదు. ఒకసారి కేన్సర్ నుంచి బయటపడిన వారికి మరో కేన్సర్ ముప్పు ఇతరుల కన్న ఎక్కువ.

ప్రభుత్వం చేయవలసినది

భారమంతా తల్లిదండ్రులపై వేయడం న్యాయం కాదు. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించాలి. చూడవలసిన జబ్బుల జాబితాలో పిప్పిపళ్లు కూడా ఉన్నాయి. బడికి వచ్చే వైద్య సిబ్బంది "ఈ బిడ్డకు ఎప్పుడైనా కేన్సర్ చికిత్స జరిగిందా?" అని మరో ప్రశ్న అడిగితే చాలు. జరిగిందంటే పళ్ల డాక్టరు వద్దకు పంపాలి. ఇందుకు కొత్త పథకం అక్కరలేదు.

బిడ్డను ఇంటికి పంపేటప్పుడు చికిత్స వివరాలను, తర్వాతి జాగ్రత్తలను ఒక్క కాగితంపై తెలుగులో రాసి ఇవ్వాలని పథకం కింద ఉన్న ఆసుపత్రులన్నిటినీ ఆదేశించాలి. రేపల్లె, బాపట్ల ఆసుపత్రులలో పళ్ల డాక్టరు, పరికరాలు, ఎక్స్‌రే ఎల్లవేళలా సిద్ధంగా ఉండేలా చూడాలి. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల నుంచి వైద్య బృందం వేట నిషేధ కాలంలో ఒకసారి హార్బరు గ్రామాలకు వస్తే ఈ పిల్లలతో పాటు మిగిలిన పిల్లలకూ మేలు జరుగుతుంది.

ఇలాంటి పిల్లలు మండలానికి ఎందరుంటారు, వారి కోసం ఇంత ఏర్పాటా అని అధికారులు అనవచ్చు. కొద్దిమందే కనుక వారిని గుర్తించడం సులువు, ఖర్చు స్వల్పం. ఆ బిడ్డ ప్రాణం నిలబెట్టడానికి ప్రభుత్వం లక్షలు వెచ్చించింది, తల్లిదండ్రులు అప్పుల పాలయ్యారు. అంత చేసి దక్కించుకున్న బిడ్డ నాలుగు మెతుకులు నమిలి తినలేక, నలుగురిలో నోరు తెరిచి నవ్వలేక బతకవలసి రావడం విచారకరం. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వచ్చే వేట నిషేధ కాలానికి ముందే ఈ విషయంపై శ్రద్ధ వహించాలి.